గుర్రపుడెక్కకు రాజపోషణ

హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో నిలబడి పడవల గురించి మాట్లాడితే ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి ఆటో మాట్లాడతారు. సముద్రం ఇక్కడికి రోడ్డు దారిన మూడు వందల కిలోమీటర్ల పైమాట. అయినా డీఎంఆర్‌ఎల్ చౌరస్తాలో బస్సు కోసం ఎదురుచూసేవాడు ఒకసారి అటుపక్క గోడకేసి చూడాలి. 2022 సెప్టెంబరులో నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కు వాడిన డీఎంఆర్ 249ఏ ఉక్కుకు పాకం కుదిర్చింది ఆ గోడ వెనకున్న రక్షణ శాఖ లోహ ప్రయోగశాలే.

అంతటి ఉక్కునూ లెక్కచెయ్యని ప్రాణి ఒకటుంది, బార్నకిల్. పిల్లగా ఉన్నప్పుడు ఈదుకుంటూ వచ్చి, నచ్చిన జాగాలో నెత్తి ఆనించి, సొంత జిగురుతో అతుక్కుని, చుట్టూ సున్నపు గూడు కట్టేసుకుంటుంది. ఆపైన బతుకంతా తలకిందులుగానే, కాళ్లతో తిండి నోట్లోకి తోసుకుంటూ గడిపేస్తుంది. పట్టా అడగదు, పర్మిషన్ అడగదు, కూర్చున్నాక లేవదు. చెరువు శిఖం భూముల్లో వెంచర్లు వేసిన మన పెద్దమనుషులు దీని బొమ్మ పెట్టి పూజ చేసుకోవచ్చు.

ఇవి పట్టిన ఓడ అడుగు గరుకెక్కుతుంది, వేగం తగ్గుతుంది, ఇంజను డీజిల్ తాగేస్తుంది. ప్రొపెల్లర్‌కు పడితే మరీ కష్టం, తిరిగే రెక్క మీద రంగు నిలవదు. అందుకే గజ ఈతగాళ్లు దిగి గీకి, నునుపు తేలుస్తారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఓడల అడుక్కి రాగి రేకులు కొట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో ట్రైబ్యుటైల్ టిన్ కలిపిన రంగు పూశారు. రంగు బ్రహ్మాండంగా పనిచేసింది. ఎంతగా అంటే, ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఆల్చిప్పల సాగు కూలిపోయింది, ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచాయి. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవలకు ఆ రంగు మాన్పించింది. 2001లో ప్రపంచ దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. అది 2008లో అమల్లోకొచ్చింది. అందుకు తగ్గట్టు మన పార్లమెంటు నౌకాయాన చట్టాన్ని సవరించింది 2014లో. మరీ తొందరపడ్డారేమో!

ఇప్పుడు సిలికోన్ పూతలొచ్చాయి. వాటిలో విషం లేదు, ఒట్టి జారుడే. ఓడ వేగమందుకుంటే చాలు, అంటుకున్నది రాలిపోతుంది. మన ఆఫీసుల్లో ఈ పూత ఎప్పటినుంచో ఉంది. ఏ ఫిర్యాదూ ఏ కుర్చీకీ అంటుకోగా చూసినవాడు లేడు.

ఇక మన సముద్రానికొద్దాం. మీర్ ఆలం చెరువు 1804లో మొదలుపెట్టి కట్టింది. ఇరవై ఒక్క కమానుల రాతి కట్ట, ఇప్పటికీ నిలబడే ఉంది. ఒకప్పుడు ఊరు ఈ నీళ్లు తాగింది. ఇప్పుడు ఆ నీళ్లు కనబడాలంటే పైనున్న గుర్రపుడెక్కను పక్కకు తొయ్యాలి. అందులో పడవ దింపితే దాని వేళ్లు ప్రొపెల్లర్‌కు చుట్టుకుని ఇంజను గొంతు నులుముతాయి. దీనికి ఓడల రంగు పనికిరాదు. బార్నకిల్ ఓడకు పడుతుంది, గుర్రపుడెక్క ఏకంగా చెరువుకే పట్టింది. ఓడవాడు నాచును పెంచి మరీ గీకడు. మనం మాత్రం డ్రైనేజీ వదిలి నత్రజని, భాస్వరం వేళకింత వడ్డించి, మొక్క ఏపుగా ఎదిగాక పీకడానికి టెండరు పిలుస్తాం. మంచి తిండి దొరికితే రెండు వారాల్లోనే అది రెట్టింపవుతుంది. ఇంతటి నమ్మకమైన పంట తెలంగాణలో మరొకటి లేదు, వానలతో పన్లేదు, మద్దతు ధరతో పన్లేదు, బిల్లు మాత్రం పాసవుతుంది. బెంగాల్లో దీనికోసం 1936లో చట్టమే చేశారు. మరుసటేడు ఎన్నికల్లో పార్టీలన్నీ దీన్ని పీకిస్తామని మాటిచ్చాయి. పాపం, అక్కడి నాయకులకు దీని విలువ తెలియలేదు.

పాతబస్తీకి పడవెందుకని ఇంకా అడిగేవాళ్లు 2020 అక్టోబరు గుర్తుచేసుకోవాలి. గుర్రం చెరువు కట్ట తెగి, మనకు కూతవేటు దూరంలోని హఫీజ్ బాబానగర్ గల్లీలు మునిగాయి. జనాన్ని బయటికి తేవడానికి పడవలే దిక్కయ్యాయి. ఆ నీళ్లలో బార్నకిల్ లేదు. పాలిథిన్ సంచులు, పరుపుల దూది, ఎవరింటి పరదాలో ఉన్నాయి. ప్రొపెల్లర్‌కు ఏది చుట్టుకున్నా ఒకటే. చెరువులోకి నీళ్లు పోయే దారి మూసి ఇళ్లు కడితే నీళ్లు ఇళ్లలోకి దారి చూసుకుంటాయి, ఇందులో లోహశాస్త్రం ఏమీ లేదు.

ఇక మీర్ ఆలం మీద వంతెన తలపెట్టారు. ఏలినవారి తెలివి మెచ్చుకోవాలి. పడవే లేకపోతే ప్రొపెల్లరుండదు, ప్రొపెల్లర్ లేకపోతే దానికేదీ చుట్టుకోదు. కింద పంట కిందే ఉంటుంది, దాని టెండరు దానిదే. పైన లైట్ల టెండరు వేరు.