సబ్జెక్టులో ‘ఆఫర్’ ఉంటే పారెయ్

ఊళ్లో అందరూ ఉచితంగా వచ్చిన జీమెయిల్‌తో హాయిగా కాపురాలు చేసుకుంటుంటే, ఇంటిపేరు మీద డొమైన్ కొని ఏటేటా హోస్టింగ్ డబ్బులు కట్టే మొగుడు మా ఆవిడకే దొరికాడు. పగలంతా మాదాపూర్‌లో కంపెనీ మెయిల్ సర్వర్లు చూస్తాను. ఇంటికొచ్చాక కూడా ఒక సర్వరు మీద పెత్తనం చెయ్యకపోతే నాకు తిన్నది అరగదు. ఆవిడకో అడ్రసు, మామగారికో అడ్రసు, కొండాపూర్ హాస్టల్లో ఉంటూ ఇంటర్వ్యూలకి తిరుగుతున్న బావమరిదికో అడ్రసు సృష్టించాను. వీళ్లలో నన్ను అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

దసరా ముందు మా ఆవిడ ఫోను నా ముందు పెట్టింది. నగల షాపు ఆఫరు, చీరల ఆఫరు, టీవీ ఆఫరు. “మెయిల్ సర్వర్లే కదండీ మీ ఉద్యోగం, ఈ చెత్త ఆపలేరూ?” అంది. అంతకన్నా ఏం కావాలి నాకు!

హోస్టింగ్‌తో పాటు వచ్చే కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్. అందులో ఫిల్టర్లు రెండు చోట్ల పెట్టొచ్చు. ఒక్కో అడ్రసుకి విడిగా పెట్టేవి కొన్ని, ఖాతాలోని అడ్రసులన్నిటికీ ఒకేసారి వర్తించే గ్లోబల్ ఫిల్టర్లు కొన్ని. ఆవిడ అడిగింది ఆవిడ అడ్రసు గురించే. నేను గ్లోబల్‌లో పెట్టాను, మొత్తం వంశాన్నే కాపాడేద్దామని. సబ్జెక్టులో ‘ఆఫర్’ అనే మాట ఉంటే... ఏం చెయ్యాలి? వేరే ఫోల్డర్లో పెట్టొచ్చు. ఇంకో అడ్రసుకి మళ్లించొచ్చు. కారణం చెప్పి తిప్పి పంపొచ్చు, అప్పుడు పంపినవాడికి సంగతి తెలుస్తుంది. డిస్కార్డ్ అంటే మాత్రం పంపినవాడికీ తెలియదు, అందుకోవలసినవాడికీ తెలియదు. నేను డిస్కార్డ్ నొక్కాను.

స్పామ్ పట్టే స్పామ్ అసాసిన్ లాంటిదైనా ఒక్క మాట చూసి ఉరి వెయ్యదు. మెయిల్లోని లక్షణాలకి మార్కులు వేసుకుంటూ పోయి, మామూలు సెట్టింగులో మొత్తం 5కి చేరితేనే స్పామ్ అంటుంది. 2001లో ప్రమాణంగా వచ్చిన సీవ్ అనే ఫిల్టర్ల భాష ఇంకా పెద్దమనిషి తరహా. ఏ రూలూ వర్తించకపోతే మెయిలు ఇన్‌బాక్సులోనే ఉంటుంది. మొదట్లో అందులో లూపులు రాసే వీలే పెట్టలేదు, నాలాంటివాడు సర్వరుని గిరగిరా తిప్పేస్తాడని ముందే తెలిసినట్టు.

తర్వాత ఒక సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్కులో ఉండగా బావమరిది ఫోను. “బావా, హెచ్ఆర్ వాళ్లు మెయిల్ పంపామంటున్నారు, నాకేం రాలేదు.” స్పామ్‌లో చూడమన్నాను. అదీ ఖాళీయేనట. “వాళ్లు పంపకుండానే పంపామంటారురా, ఇన్నేళ్లుగా చూస్తున్నా” అని అనుభవమంతా రంగరించి చెప్పాను. ఇంతకీ ఆ మెయిలు సబ్జెక్టు: ‘ఆఫర్ లెటర్’.

ఇంటికెళ్లి లాగ్ తెరిస్తే, దాని గమ్యస్థానం ‘డెవ్ నల్’ అని ఉంది. లైనక్స్‌లో ఏం వేసినా ఆనవాలు లేకుండా మాయమయ్యే ఫైలది. వెతికినా దొరకదు. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన దగ్గర్నుంచి హైటెక్ సిటీ రోడ్ల మీద పిల్లలు ఆ ఉత్తరం కోసమే చెప్పులరగదీస్తున్నారు. దాన్ని చెత్తని రూలు రాసిన ఘనుడు హైటెక్ సిటీ మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. బావమరిది హెచ్ఆర్‌కి తన జీమెయిల్ అడ్రసు ఇచ్చాడు, క్షణంలో ఉత్తరం వచ్చింది. “అల్లుడికన్నా జీమెయిలే నయం” అని అత్తగారు అన్నారట. మా ఆవిడ నాకు చెప్పింది, ఒక్క అక్షరం ఫిల్టర్ చెయ్యకుండా.

మామగారిది ఇంకో గోడు. ఆయన అడ్రసుకి వచ్చేవన్నీ ఆయన జీమెయిల్‌కి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టాను. బ్యాంకు మెయిళ్లన్నీ స్పామ్‌లో పడటం మొదలైంది. బ్యాంకు తన తరఫున మెయిలు పంపే సర్వర్ల జాబితాని ఎస్పీఎఫ్ అని డీఎన్ఎస్‌లో పెడుతుంది. ఫార్వర్డ్ చేస్తే కవరు మీద పేరు బ్యాంకుది, తెచ్చిచ్చింది మా సర్వరు. జాబితాలో మా పేరుండదు. ఎస్ఆర్ఎస్ పెడితే కవరు మీద పేరు మన డొమైన్‌కి మారుతుంది. అది లేకపోయినా, మెయిలు మీద బ్యాంకు పెట్టే డీకిమ్ అనే డిజిటల్ సంతకం చెక్కు చెదరకపోతే చాలావరకు గట్టెక్కేదే. కానీ మామగారి మీద ప్రేమకొద్దీ, ప్రతి సబ్జెక్టు ముందూ ‘ఇల్లు’ అని చేర్చే స్క్రిప్టు ఒకటి రాశాను. సంతకంలో సబ్జెక్టు కూడా ఉంటుంది. అక్షరం మారితే సంతకం చెల్లదు. “బాబూ, ఆ ఇల్లు తీసెయ్యి” అన్నారాయన.

నిజం చెప్పాలంటే ఇంట్లో నేనే ఒక ఫార్వర్డరుని. పాప డైరీ తెస్తే “మీ అమ్మనడుగు.” ఊరినుంచి అమ్మ ఫోన్ చేస్తే “కోడలికిస్తున్నా ఉండు.” సీప్యానెల్ ఫార్వర్డరైనా, ఆ పేరుతో మెయిల్‌బాక్సు ఉంటే అందులో ఒక కాపీ ఉంచుకుంటుంది. నేను అదీ ఉంచుకోను. సీవ్‌లో వెకేషన్ రిప్లై, వేరే చెప్పకపోతే, ఒకే మనిషికి 7 రోజులకి ఒకసారే జవాబిస్తుంది. నేను రోజూ, ఒకే మనిషికి, “మీటింగ్‌లో ఉన్నా” అని పంపుతాను. గ్యాస్ బుకింగ్ సంగతి నేను ఆవిడకీ ఆవిడ నాకూ తిప్పి తిప్పి పంపుకుంటాం. మెయిలు ఇలా తిరిగితే దాటిన ప్రతి సర్వరూ ‘రిసీవ్డ్’ అని ముద్ర వేస్తుంది. సీప్యానెల్ వాడే మెయిల్ సర్వరు ఎగ్జిమ్ మామూలుగా 30 ముద్రలు దాటితే ఇక తీసుకోనంటుంది. ఆవిడ అంతకన్నా ముందే అంది.

బావమరిది రాయదుర్గంలో ఉద్యోగంలో చేరాడు, జీమెయిల్‌తోనే. సీప్యానెల్ పాస్‌వర్డ్ ఇప్పుడు మా ఆవిడ దగ్గరుంది. డిస్కార్డ్ రూళ్లన్నీ తీసేసి ‘చూద్దాం’ అనే ఫోల్డరు పెట్టింది. మీకూ ఇంటిపేరు మీద డొమైన్ కొనే మోజుంటే, ఫిల్టర్ల పేజీలోనే కింద ఫిల్టర్ టెస్ట్ అని ఒక పెట్టె ఉంటుంది. రూలు రాశాక అందులో ఒక ఆఫర్ లెటర్ అతికించి చూసుకోండి.