చెంపమీద చాప అచ్చు

దసరాకు మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. రాత్రి మంచం దగ్గర మంచినీళ్ల చెంబు పెడదామని గదిలోకి తొంగిచూస్తే నా గుండె జారింది. పిల్ల వెల్లకిలా, కట్టెలా పడుకుని ఉంది. నుదుటిమీద అద్దంలాంటి పట్టీ. మెడకింద గుర్రపు నాడా ఆకారంలో ఒక దిండు. పసిబిడ్డ దొర్లకుండా పెడతామే, అట్లా అటొకటి ఇటొకటి ఇంకో రెండు. "ఒంట్లో బాగాలేదా తల్లీ?" అన్నాను. "పక్కకు తిరిగి పడుకుంటే మొహం ముడతలు పడుతుంది తాతయ్యా" అంది, పెదాలు కూడా సరిగా కదపకుండా. దానికి 27 ఏళ్లు.

మా రోజుల్లో పడుకోవడానికి నిద్రొస్తే చాలు.

నేను 30 ఏళ్లు బస్సు నడిపాను. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కి దిగడం సగం సర్వీసు, పల్లెల్లో నైట్ హాల్టులు మిగతా సగం. హాల్టంటే గదీ మంచమూ అనుకునేరు. ఎండాకాలం బస్సు టాపు మీద, వానాకాలం సీట్లలో కాళ్లు ముడుచుకుని. తలకింద మడతపెట్టిన ఖాకీ చొక్కా. బొత్తాం చెంపలోకి దిగినా తెల్లారేదాకా తెలిసేది కాదు.

చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లకు నులకమంచాలు, పిల్లలకు ఈతచాప. చాప అల్లిక అల్లినట్టే చెంపమీద దిగేది. బడిలో పంతులు అది చూసే "మొహమన్నా కడిగావురా?" అనేవాడు. రెండో గంట కొట్టేలోపు అచ్చు మాయం. ఇప్పుడూ అదే చెంప. పొద్దున పడ్డ గలీబు కుట్టు రెండో కాఫీ దాకా కదలదు. వయసు మీదపడితే చర్మంలో సాగే గుణం తగ్గుతుందట, నొక్కిన చోటు తేరుకోవడానికి టైం పడుతుందట. ఏళ్ల తరబడి రోజూ అక్కడే మడత పడితే ఇక ఆ మడత అక్కడే కాపురం పెడుతుందట. మనవరాలి ఉపన్యాసం ఇది. కాదనలేను, సాక్ష్యం నా మొహంమీదే ఉంది.

దిండు పెత్తనం మాకూ తెలియనిది కాదులెండి. నేను పుట్టినప్పుడు మా నాయనమ్మ ఆవాల దిండు కుట్టించింది, తలకాయ గుండ్రంగా రావాలని. అప్పట్లో దిండు మనిషికి ఆకారం ఇచ్చేది. ఇప్పుడు ఉన్న ఆకారాన్ని పాడుచేస్తుందని దిండుమీదే కేసు పెడుతున్నారు.

సరే, పిల్ల చెప్పినవన్నీ కొట్టిపారేయను. నవ్వితే కంటికొసన పడే గీతలు, కోపమొస్తే కనుబొమల మధ్య పడేవి కండరాలు చేసే పని. నిద్రలో పడేవి అవి కావు, తల బరువుకు చర్మం నలిగి పడేవి. అందుకే కండరాన్ని సడలించే సూదిమందు వీటిమీద పనిచేయదట. మరి పట్టు గలీబో? అని అడిగాను, నాకూ ఒకటి తెచ్చింది కాబట్టి. జారుడుగా ఉంటుంది, రాపిడి తగ్గుతుంది అంది. రాపిడి తగ్గితే తగ్గనీ, నాలుగైదు కిలోల తలకాయ బరువు ఎక్కడికి పోతుంది? పట్టుమీద పెట్టినా గోనెసంచి మీద పెట్టినా తల తలే. దానికి జవాబు రాలేదు. ఆ గలీబుకూ నా తలకూ రుణం లేదు. మా ఆవిడ చూడగానే "పట్టుబట్ట మీద చొంగ కారుస్తారా!" అని లాక్కుపోయి దేవుడి పటాల కింద పరిచింది.

వెల్లకిలా పడుకోవడం అంత తేలికనుకుంటున్నారా? రాత్రంతా మనిషి ఎన్నిసార్లు పొర్లుతాడో వాడికే తెలియదు. పైగా వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గురక. నైట్ హాల్టులో నేను గురక మొదలుపెడితే మా కండక్టరు టికెట్ల పెట్టెతో డొక్కలో పొడిచి పక్కకు తిప్పేవాడు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకు డాక్టర్లూ పక్కకు ఒత్తిగిలే పడుకోమంటారు. భోంచేశాక ఎడమవైపు నడుం వాల్చమని పెద్దవాళ్లు చెప్పిందీ ఊరికే కాదు, అట్లా పడుకుంటే పులిత్రేన్పులు తగ్గుతాయి. చెంప బాగుండాలని ఊపిరి బిగబట్టుకుంటామా?

ఇంతా మాట్లాడాక పిల్ల నా మొహం పరీక్షకు దిగింది. "నువ్వు ఎప్పుడూ ఎడమవైపే పడుకుంటావు కదా, ఎడమచెంపే పాడై ఉండాలి" అని అద్దం తెచ్చింది. చూస్తే కుడిచెంప దున్నిన చేనులా ఉంది. ఎడమది దానిముందు కుర్రది. పిల్లకు నోట మాట రాలేదు. ఫోనులో ఏదో వెతికి ఒక ఫోటో చూపించింది. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన 69 ఏళ్ల డ్రైవరట, 2012లో అక్కడి పెద్ద వైద్య పత్రికలో వేశారు. ఎడమచెంప మొత్తం గాట్లూ మడతలూ, కుడిచెంప మామూలుగా. వాళ్లకు స్టీరింగు ఎడమవైపు కదా, కిటికీ ఎండ ఆ చెంపమీద పడింది. నాకు కుడివైపు పడింది. ఆ ఒక్క తేడా తప్ప ఆ మొహం నాకు సొంత అన్నదమ్ముడిలా కనిపించింది.

30 ఏళ్లు దిండుతో కాపురం చేసిన చెంప బతికి బయటపడింది, కిటికీ పక్కన కూర్చున్న చెంప మునిగింది. కిటికీ అంచుకు తువ్వాలు కట్టుకునేవాళ్లం, అదీ మోచెయ్యి కాలుతుందని. మొహం గురించి ఏ డ్రైవరైనా ఆలోచించాడా?

పండగైపోయింది. పదకొండింటికి, మాడు పగిలే ఎండలో, మొహానికి ఏమీ రాయకుండా పిల్ల కారెక్కి స్టీరింగు ముందు కూర్చుంది. మూడు దిండ్లూ భద్రంగా వెనకసీట్లో ఉన్నాయి. "ఎండమ్మా, కుడివైపు..." అన్నాను. "అద్దం ఎక్కించి ఏసీ వేసుకుంటాగా తాతయ్యా" అంది. అద్దం ఆపేది చుర్రుమనే ఎండనే తల్లీ, ముడతలు తెచ్చే కిరణం చాలావరకు అద్దంలోంచి లోపలికొస్తుంది అన్నాను. అది నిన్న తను నాకు చదివి వినిపించిన ముక్కే.

నా కుడిచెంప వైపు ఒకసారి చూసింది. తర్వాత హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఎండకు రాసుకునే క్రీము కోసం వెతకడం మొదలుపెట్టింది. ముందుగా చేతికొచ్చింది మాత్రం నుదుటికి అంటించుకునే ఆ పట్టీయే.