ముప్పై ఏడే కదా అన్నాను

నేను అనంతపురం వాణ్ణి. ఎండ గురించి నాకొకరు చెప్పేదేముందన్న ధీమాతోనే పెరిగాను. ఏప్రిల్‌లోనే 40 దాటే ఊరు మాది. మధ్యాహ్నం గొంతు పిడచకట్టుకుపోతుంది, పెదాలు పగులుతాయి. కానీ వేపచెట్టు నీడకు చేరామంటే ప్రాణం కుదుటపడుతుంది. పొద్దు వాలాక మిద్దె మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకుంటే హాయిగా నిద్రపట్టేది. ఉద్యోగం మీద విజయవాడ వచ్చాక కూడా అదే కొలతతో ఎండను కొలుస్తూ ఉండిపోయాను. అది తప్పని నాకు తెలిసిరావడానికి, ఏ పాపం ఎరగని మనిషొకామె మా ఇంటి పని దగ్గర కుప్పకూలాల్సి వచ్చింది.

మా అత్తవారిది అవనిగడ్డ దగ్గర పల్లె. మామగారి స్థలంలో మేమొక చిన్న ఇల్లు మొదలుపెట్టాం. మే మొదటి వారంలో స్లాబ్ వేయాలి. స్లాబ్ మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు, ఒక్క ఊపున అయిపోవాలి. మేస్త్రి ముందే చెప్పాడు: "తెల్లారగట్ల మూడింటికి మిల్లరు తిప్పేద్దామండీ. పదిలోపు ముగించాలి. పది దాటితే ఇక్కడ మనిషి నిలవలేడండీ." మామగారు కూడా, "మేస్త్రి మాట వినండి అల్లుడుగారూ, గాలి లేని రోజులివి" అన్నారు.

నేను వినలేదు. మూడింటికి పని మొదలవ్వాలంటే అర్ధరాత్రే విజయవాడలో బయలుదేరాలి. కరకట్ట మీద చీకట్లో ప్రయాణం, ఆ రాత్రి నిద్ర పాడు. నా అసలు కారణం అంతే. బయటికి మాత్రం ఫోన్ తీసి వాతావరణం చూపించాను. "రేపు 37. అనంతపురంలో 41. అక్కడ మేస్త్రీలు మిట్టమధ్యాహ్నం కూడా స్లాబులు వేస్తున్నారు. ఇంకా రోహిణి కార్తె కూడా రాలేదు. ముప్పై ఏడే కదా!" అన్నాను. డబ్బిచ్చేవాణ్ణి నేను కాబట్టి మేస్త్రి ఇంకేం మాట్లాడలేదు. ఎనిమిదింటికి పని మొదలైంది.

పదకొండు అయ్యేసరికి గాలి పూర్తిగా ఆగిపోయింది. కొబ్బరి మట్టలు కదలడం లేదు. నేను వసారాలో కుర్చీలో కూర్చున్నా చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. మిల్లరు దగ్గర్నుంచి పైదాకా వరసగా నిలబడి తట్టలు అందిస్తున్న ఆడవాళ్ల మోచేతుల నుంచి చెమట ధారగా కారుతోంది. అది చూసి, చెమట పడుతోంది కాబట్టి ఒళ్లు చల్లబడుతూనే ఉంటుందిలే అనుకున్నాను. వరసలో మూడో ఆమెకు అరవై దగ్గర పడి ఉంటాయి. అందించబోయిన తట్ట చేతిలోంచి జారింది. వంగి తీయబోయి అలాగే పక్కకు ఒరిగిపోయింది. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. కాళ్ల పిక్కలు కొయ్యబారిపోయాయి. మాట అడిగితే పొంతన లేని జవాబు. మామగారు అరిచి మనుషుల్ని పిలిచారు. వసారాలోకి చేర్చి, తడిగుడ్డలు కప్పి, విసనకర్రలతో విసురుతూనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. సాయంత్రానికి తేరుకుంది. తేరుకోకపోయి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసే ముఖం నాకుండేది కాదు.

ఆ తర్వాతే నేను చదవడం మొదలుపెట్టాను. ముందే చదవాల్సింది. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టిందని తెలిసేలోపే ఆవిరైపోతుంది. 41 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 20 శాతమే ఉంటే ఒంటికి తగిలే వేడి కూడా దాదాపు అంతే. అదే 37 డిగ్రీల దగ్గర తేమ 60 శాతం ఉంటే ఒంటికి 50 దాటినట్టు ఉంటుందని ఉష్ణ సూచిక లెక్క చెబుతుంది. అదీ నీడలో. స్లాబ్ మీద నీడెక్కడిది? మన వాతావరణ శాఖ వడగాడ్పుల సంగతి చూడటం మొదలుపెట్టే గీత కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మైదానాల్లో 40, కొండ ప్రాంతాల్లో 30, సముద్రతీరంలో 37. ఫోన్‌లో నేను చూపించి కొట్టిపారేసిన అంకె సరిగ్గా ఆ గీత మీదే ఉంది.

గాలి ఎందుకు ఆగిందో కూడా అప్పుడే అర్థమైంది. వేసవిలో డెల్టా మీద రెండు గాలులు పోటీపడుతుంటాయి. తెలంగాణ మీదుగా వచ్చే పడమటి గాలి పొడిది, నిప్పులాంటిది. పొద్దెక్కి నేల కాగాక సముద్రం మీంచి వచ్చేది తేమ గాలి. ఏదీ నెగ్గక రెండూ ఒకదాన్నొకటి నిలేసుకున్న వేళ మధ్యలో ఉన్న ఊళ్లు ఉక్కపోతలో ఉడికిపోతాయి. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. అప్పుడు ఒడ్డునే ఉన్న మచిలీపట్నం కూడా 40 దాటిపోతుంది. బంగాళాఖాతంలో తుపాను పుట్టి బెంగాల్ వైపో మయన్మార్ వైపో మళ్లిపోయినప్పుడు మనకు వాన రాకపోగా, ఉన్న తేమను అది లాక్కుపోయి పడమటి గాలికి దారి ఇస్తుంది. 2015 మే నెలలో రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బతో పోయారు. ఆ ఏడు ఆ వార్తలు నేనూ చదివాను. చదివి, వీళ్లకు ఎండ అలవాటు లేదనుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సముద్రానికి డెబ్బై కిలోమీటర్ల లోపలున్న విజయవాడది ఇంకో తీరు. పగలు పడమటి గాలి తగిలితే మా ఊరి లాంటి పొడి ఎండే. రాత్రి మాత్రం అనంతపురం కాదు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల రాళ్లు పగలంతా మింగిన వేడిని చీకటి పడ్డాక వదులుతాయి. నది మీంచి వచ్చే గాలిలో తేమ తప్ప చలవ ఉండదు. ఇన్నేళ్లు ఆ ఊళ్లోనే ఉన్నా ఈ తేడా నా ఒంటికి తెలియలేదు. ఇంట్లో ఏసీ, కార్లో ఏసీ, ఆఫీసులో ఏసీ. ఎండలో నిలబడాల్సిన పని నాకెప్పుడూ పడలేదు. పడినవాళ్లకు తెలుసు. మామగారు పొద్దున్నే అరుగు మీద కూర్చుని మట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి, ఆ పూట పొలంలోకి మనుషుల్ని పంపాలో వద్దో తేల్చేస్తారు. అది చాదస్తమని మా ఆవిడతో అన్న రోజులున్నాయి.

మధ్యలో ఆపకూడని స్లాబ్ ఆ రోజు మధ్యలోనే ఆగిపోయింది. మిగిలినదాన్ని రెండు రోజుల తర్వాత మేస్త్రి చెప్పిన వేళకే వేశాం. ఆ వారం చివర్లో, పని దగ్గర పడిపోయినామె ఇంటికి వెళ్లాను. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను, మరికొంత చేతిలో పెట్టబోయాను. ఆమె ఆ రోజు కూలి మాత్రమే, అదీ సగమే తీసుకుంది. సగం పూటే కదా చేశానంది. బతిమాలినా మిగతాది ముట్టుకోలేదు. నా మొహం చూసి తనే సర్దిచెప్పబోయింది. "మీ ఊరి ఎండ వేరంట కదా బాబూ, ఇక్కడి సంగతి మీకేం తెలుస్తుంది" అంది.

తెలియదన్న మాట నిజమే. కానీ తెలిసినవాళ్లు ఇద్దరు ముందురోజే చెప్పారనీ, నా నిద్ర కోసం వాళ్ల మాట తోసేశాననీ ఆమెకు చెప్పలేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, తలూపి వచ్చేశాను.