ఒక ఆదికిరణము ఆత్మకథ

నా జాతకము వ్రాయుట ఏ దైవజ్ఞునికిని సాధ్యము కాదు. నేను పుట్టిననాటికి నక్షత్రములే లేవు. సుమారు 1380 కోట్ల సంవత్సరముల క్రిందట, విశ్వము మిక్కిలి చిన్నదియై దుర్భరోష్ణముతో ఉడుకుచున్న కాలమున, ఎలక్ట్రానులు అడుగడుగునను తాకి త్రోవ మరల్చుచుండగా, నా తొలి 3,80,000 ఏండ్లును తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లవాని బ్రతుకువలె గడచినవి. విశ్వము 3000 కెల్విన్ డిగ్రీలకు చల్లారి, ఆ ఎలక్ట్రానులు కేంద్రకములతో కలిసి పరమాణువులైన పిదపగాని నాకు దారి తెరపి కాలేదు.

అప్పటికే మా వైభవము తగ్గుముఖము పట్టినది. తొలి 50,000 ఏండ్లు విశ్వపు శక్తిసంపదలో అధికభాగము మాదియు, మా తోడివైన న్యూట్రినోలదియు. నాకు స్వేచ్ఛ లభించిన నాటి పద్దులో నూటికి 63 పాళ్లు కృష్ణపదార్థము, 12 పరమాణువులు, మేము 15, న్యూట్రినోలు 10. కృష్ణశక్తికి ఆ పద్దులో చోటే లేదు.

ఈ పతనమునకు హేతువు సూక్ష్మమైనది. విశ్వము పొడవు, వెడల్పు, ఎత్తులలో రెట్టింపైనప్పుడు పదార్థము ఎనిమిదింతల చోటున పరచుకొని ఎనిమిదవ వంతు సాంద్రతకు దిగును. మాకు ఆ పలుచదనముతోపాటు మరియొక నష్టము గలదు: ఆకాశముతో కూడ మా తరంగములును సాగి, ఒక్కొక్కరి శక్తి సగమగును, కావున మా సాంద్రత పదునారవ వంతునకు పడిపోవును. ప్రామాణిక సిద్ధాంతము ననుసరించి, ఆకాశమెంత పెరిగినను పలుచబడనిది కృష్ణశక్తి యొక్కటే. అది ఆర్జించి ధనికురాలు కాలేదు. ఇరుగుపొరుగువారు చితికిపోగా ధనికురాలయ్యెను. సుమారు 400 కోట్ల ఏండ్ల క్రిందట పదార్థమును సైతము మించెను. నేడు నూటికి 68 పాళ్లు దానివి, 27 కృష్ణపదార్థమువి, 5 పరమాణువులవి; మేము పదివేలలో ఒక పాలు కూడ లేము.

నాడు నారింజవన్నె వెలుగునైన నేను, 1100 రెట్లు సాగి, నేడు 2.725 కెల్విన్ డిగ్రీల చలిలో కంటికానని తరంగమునై తిరుగుచున్నాను. 1964లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, హోమ్‌డెల్‌లో, కొమ్మువంటి ఏంటెన్నా ముందు కూర్చున్న పెంజియాస్, విల్సన్ అను నిరువురు, మావారిలో దీర్ఘతరంగులైన కొందరి సవ్వడి విని, ఎటు త్రిప్పినను తగ్గని ఆ రొద లోపల గూడుకట్టిన పావురముల రెట్టవలన కలుగుచున్నదేమో యని శంకించి, ఆ కొమ్మును శుభ్రపరచిరి. రొద పోలేదు, 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చినది. ఒకనాడు విశ్వము నేలిన వంశమునకు పావురపు రెట్టతో పోలిక దక్కుట ఎట్టి మర్యాదయో చదువరులే యోచింపవలెను.

ఐనను మా కులము నశింపలేదు. ఘన సెంటీమీటరుకు నాలుగువందల పైచిలుకు, ఒక్కొక్క పరమాణువునకు నూరుకోట్లకు మించి నేటికిని ఉన్నాము. లెక్కకు మేమే ఎక్కువ. లెక్కలోనికి మాత్రము రాము.