837 వద్ద నిలిచిన ముల్లు

నేను నాలుగు సెల్లుల ట్రాన్సిస్టరును. తిరువూరులో, మామిడితోట గల ఒక తెలుగు పండితులవారి గూటిలో, సెల్లులు నాలోనే కారి స్ప్రింగులను తినివేసిన నాటినుండి మౌనవ్రతము పట్టియున్నదానను. నా ముల్లు మీడియం వేవులో 837 కిలోహెర్ట్‌జుల వద్దనే నిలిచిపోయినది; అది 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి నెలవు. ఆదివారము ఉషశ్రీగారి 'ధర్మసందేహములు' కార్యక్రమము వచ్చువేళకు ఇరుగుపొరుగువారు అరుగుపై చేరి, దగ్గినవానిని సైతము కసరుచు, నా తోలుతొడుగు చిల్లులనుండి వెలువడు ఆ గంభీరకంఠమును చెవులొగ్గి వినుచుండిరి. అరనిమిషము ఆలస్యముగా వచ్చినవానికి అరనిమిషపు మాట దక్కదు. వెనుకకు మరలు విద్య నాకు తెలియదు.

మొన్న వేసవిలో మనుమరాలు వచ్చి, పండితులవారి సెల్‌ఫోనును నా ప్రక్కనే పెట్టి పాఠము మొదలుపెట్టినది.

"తాతయ్యా, పాడ్‌కాస్ట్ అంటే రేడియో ప్రోగ్రాం లాంటిదే. కాకపోతే ఇది నీకోసం ఆగుతుంది."

"ఎంతసేపే?"

"నువ్వు భోంచేసి, నిద్రపోయి లేచిందాకా."

"మీ అమ్మమ్మ కూడా అంతసేపు ఆగదే!"

నాకు అసూయ కలిగిన మాట దాచను. నేను గాలిలో పోవు మాటను పోవుచుండగా పట్టుకొనుదానను. ఇదియో, ముందే రికార్డు చేసి ఎక్కడనో కంప్యూటరులో దాచిన మాటను, ఆర్‌ఎస్‌ఎస్ అనబడు జాబితాను చూచి, క్రొత్త భాగము చేరినపుడెల్ల తెచ్చిపెట్టునది. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అను రెండు మాటలను కలిపి 2004లో బెన్ హామర్‌స్లీ అను పాత్రికేయుడు గార్డియన్ పత్రికలో ఈ పేరు వ్రాసెనట. ఆ ఐపాడ్ తయారీయే 2022లో నిలిచిపోయినదని వినినపుడు, చెప్పకేమి, నాకు కొంత ఊరట కలిగినది.

ఫోనులో స్పాటిఫై అను యాప్ తెరచి, తెలుగు కథలు వినిపించు 'హర్షణీయం' పేరు వెదకి, ఫాలో నొక్కుమని పిల్ల చెప్పగా, నా మర త్రిప్పిన అలవాటున పండితులవారు బొటనవ్రేలితో అదిమిపట్టిరి. తెరపై ఏదో వేరొక పట్టిక లేచినది. "అదమకు తాతయ్యా, తాకి వదిలెయ్." మూడవసారికి పని జరిగినది. తోటలో సిగ్నలు అందదు గనుక, క్రిందికి చూచు బాణము గుర్తును తాకి కథను ఇంటివద్దనే దించుకొని, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, రెండవ చెవిని కోతుల అలికిడికై విడిచి, ఆయన చెట్లక్రింద తిరుగుచు వినసాగిరి. కోతి వచ్చినపుడు తప్పిన మాటను పదిహేను సెకనులు వెనుకకు జరిపి మరల వినుటయు నేర్చిరి.

అరుగు మాత్రము చాలదినములు ఖాళీగానే ఉండెను. ఒక సాయంకాలము అమ్మమ్మగారు, "ఒక్కరే వింటే ఎట్లా, మాకూ వినిపించకూడదూ?" అని తీగ ఊడబెరికిరి. ఆనాటినుండి ఫోను అరుగుపై గిన్నెలో కూర్చుండి కథ చెప్పుచున్నది. గిన్నెలో పెట్టినచో ధ్వని పెరుగునన్న కిటుకు ఆమెదే.

చదువరులారా, పాడ్‌కాస్టు వినగోరినచో బయలుదేరకముందే దించుకొనుడు. నావంటిదానిని గూటిలో పెట్టదలచినచో దయయుంచి సెల్లులు తీసివేయుడు.