రెండో వైపు

లెక్చరరుగా రిటైరయ్యాక ఆ పెద్దాయనకు ఫొటోలు తీయడం అలవాటైంది. కూతురింట నెల్లాళ్లు ఉండి వద్దామని బెర్లిన్ వెళ్లినప్పుడు కెమెరా కూడా వెంట తీసుకెళ్లాడు. పెద్ద కట్టడాల జోలికి పోలేదు. బ్రాండెన్‌బర్గ్ గేటును అందరూ తీస్తారన్నాడు. ఆయనకు కావలసినవి వీధుల్లో ఉన్నాయి. కాలిబాట పక్కన ఇప్పటికీ నిలబడి ఉన్న ఇనుప చేతిపంపులు, పోస్టర్లు అంటించే గుండ్రటి స్తంభాలు, నడిచేవాళ్ల సిగ్నల్లో టోపీ పెట్టుకున్న బొమ్మ మనిషి.

ఒక ఉదయం కూతురు ఆయన్ని షోనెబెర్గ్‌లో బయేరిషెస్ ఫీర్టెల్ అనే పేటకు తీసుకెళ్లింది. ఒకప్పుడు ఐన్‌స్టీన్ కాపురమున్న పేట. వీధికి రెండు వైపులా చెట్లు, ఇళ్లు, దీపస్తంభాలు.

ఒక స్తంభానికి తల ఎత్తి చూసే ఎత్తులో బోర్డు కనిపించింది. దాని మీద రొట్టె బొమ్మ. బాగుందనుకుని ఫొటో తీశాడు. మరో స్తంభానికి పిల్లి బొమ్మ. అదీ తీశాడు.

"ఇక్కడ రొట్టెల దుకాణం ఎక్కడమ్మా?" అని అడిగాడు.

"దుకాణం బోర్డు కాదు నాన్నా. దాని రెండో వైపు చూద్దాం రా."

వెనక్కి నడిచి రొట్టె బోర్డు అవతలి వైపుకు వెళ్లారు. అటు బొమ్మ లేదు. జర్మన్‌లో ఒక వాక్యం, కింద తేదీ ఉన్నాయి. కూతురు చదివి చెప్పింది. బెర్లిన్‌లో యూదులు సరుకులు మధ్యాహ్నం నాలుగు నుంచి ఐదు గంటల మధ్య మాత్రమే కొనాలి. 4 జులై 1940.

ఆయన కెమెరా దించాడు.

"నాలుగింటికి కొట్లో ఏం మిగిలి ఉంటుంది?"

"ఏం మిగిలితే అదే నాన్నా."

పిల్లి బోర్డు రెండో వైపు, యూదులు ఇకమీదట పెంపుడు జంతువులను ఉంచుకోరాదని ఉంది. 1942 ఫిబ్రవరి నాటిది. రెనాటా స్టీ, ఫ్రీడర్ ష్నొక్ అనే ఇద్దరు కళాకారులు 1993లో ఈ పేటలో ఇలాంటివి 80 పెట్టారని కూతురు చెప్పింది. ఒక వైపు బొమ్మ, రెండో వైపు ఆనాటి ఉత్తర్వు.

ఆయన వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇంత జరుగుతుంటే చుట్టుపక్కలవాళ్లు ఏం చేశారు?"

"వాళ్లకూ చట్టం అవకాశం ఇచ్చింది నాన్నా. 1939 ఏప్రిల్ 30న ఇళ్ల అద్దెల మీద ఒక చట్టం వచ్చింది. అద్దెకున్నవాళ్లు యూదులైతే, తలదాచుకోవడానికి ఇంకో చోటు ఉందని చూపించి యజమాని ఖాళీ చేయించొచ్చు. అద్దె సరిగ్గా కడుతున్నా సరే. అలా ఖాళీ చేయించినవాళ్లను కొన్ని ఇళ్లలో కుటుంబం మీద కుటుంబంగా కుక్కారు. 1941 అక్టోబరులో వాళ్లను తరలించే రైళ్లు మొదలయ్యాయి."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. లేచి వెళ్లి రొట్టె బోర్డును రెండు వైపులా మళ్లీ ఫొటో తీశాడు. ఈసారి ఫోనుతో. రెండు ఫొటోలూ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద రాశాడు: "మనిషిని చూడకుండా పుట్టుక చూసిన రోజులివి. మన పిల్లలకు తప్పకుండా చెప్పండి."

ఐదు నిమిషాలకు హైదరాబాద్ నుంచి బావమరిది ఫోను చేశాడు. ఆయన ఇంటి బాగోగులు చూసేది అతనే.

"ఫొటోలు చూశాను బావా. మనసంతా అదోలా అయిపోయింది."

"ఇక్కడ నిలబడి చూస్తుంటే ఇంకా కష్టంగా ఉందిరా."

"అన్నట్టు, పై వాటాకి మనుషులొచ్చారు. భార్యాభర్తలిద్దరూ టీచర్లు, ఒక చిన్న పాప. ఇల్లు నచ్చింది. మనం చెప్పిన అద్దెకు ఒప్పుకున్నారు. అడ్వాన్సు కూడా చేతిలో పట్టుకొచ్చారు. గేటు దగ్గర నిలబడి ఉన్నారు, ఏం చెప్పమంటావ్?"

"పేర్లేంటి?"

బావమరిది చెప్పాడు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కూతురికి దూరంగా నాలుగడుగులు వేసి, గొంతు తగ్గించాడు.

"ఇల్లు నిన్ననే ఇచ్చేశామని చెప్పి పంపించు. టులెట్ బోర్డు మాత్రం తీయకు."