కాఫీ నిషేధ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "ఏమోయ్! రేపట్నుంచి నాకు కాఫీ కలపకు."

టీక: ఏమోయ్ = ఓ గృహిణీ; రేపట్నుంచి = నేటి సాయంకాలపు కాఫీ భద్రంగా కడుపులో పడిన మీదట; నాకు = తక్కినవారు యథేచ్ఛగా తాగవచ్చునని భావం (నా ఎదుట మాత్రం కాదు); కాఫీ = రాత్రే ఫిల్టరులో దిగి, తెల్లవారి చిక్కటి పాలతో కూడి, నురగతో ఒప్పునట్టి డికాషనును; కలపకు = కలపవద్దు.

తాత్పర్యం: ఒక గృహస్థు కాఫీ మానదలచి ఆ సంగతి భార్యకు చెప్పెను.

విశేషం: వ్రతం పట్టింది ఆయన, నిషేధార్థక క్రియ పడింది ఆమె మీద. "నేను తాగను" అనవలసినచోట "నువ్వు కలపకు" అన్నందువల్ల, రేపు వ్రతభంగమైతే దోషం కలిపినవారిదే. ఇందులో చమత్కారమున్నదని కొందరు. వట్టి స్వభావోక్తి అని నా మతం.

శంక: కాఫీ మానితే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

సమాధానం: కాఫీ ఓపిక ఇచ్చిందెప్పుడు? మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని "ఇక పడుకో" అని కబురంపుతుంది. 1819లో రుంగె అనే జర్మన్ రసాయనజ్ఞుడు కాఫీ గింజల్లోంచి వేరుచేసిన కెఫీన్, ఆ కబురు చేరవలసిన గ్రాహకాల్లో తానే వెళ్ళి కూర్చుంటుంది. అలసట అలాగే ఉంటుంది, మనకు తెలియదంతే. సాయంత్రం నాలుగింటికి తాగినదాంట్లో దాదాపు సగం రాత్రి తొమ్మిదింటికీ ఒంట్లోనే ఉంటుంది. అందుచేత నిద్ర చెడుతుంది, నిద్ర చెడినందుకు పొద్దున్నే మళ్ళీ కాఫీ. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. ధనియాల కాఫీ, శొంఠి కాఫీ చేతికి గ్లాసు వెలితి తీరుస్తాయి, మంచిదే. ఓపిక మాత్రం వేళకు పడుకుని, పొద్దుటెండలో నాలుగడుగులు వేసినవాడికే. కొనవలసిన పొడి ఏదీ లేదు గనుక ఈ పక్షానికి ప్రచారం తక్కువ.

రసం: మర్నాడు తలనొప్పి, విసుగు. ఒక్కొక్కరికి వారం దాటుతాయి. ఈ ఘట్టంలో అంగిరసం రౌద్రం; ఆలంబనం, ఎదురుపడ్డవారెవరైనా.

పాఠాంతరం: మూడోనాటి ప్రతిలో "పోనీ, అరకప్పు కలుపు" అని ఉంది. ఇంట్లో పెద్దావిడ ఇది ప్రక్షిప్తమని కొట్టివేశారు. ఒక్కసారిగా మానడంకంటే మెల్లగా తగ్గిస్తేనే తలనొప్పి బాధ తక్కువ గనుక నేను ఈ పాఠాన్నే గ్రహిస్తున్నాను. సంబోధితురాలు అప్పటికే, ఎవరితోనూ అనకుండా, కెఫీన్ లేని చికోరీ వంతును కాఫీపొడిలో రోజురోజుకూ పెంచుతున్నదని వంటింటి ప్రతివల్ల తెలుస్తున్నది.